పంపు మీద గూడు

మార్చి 9, సాయంత్రం

పంపు బెల్టు తెగింది. కొత్తది రావడానికి రెండు రోజులట. బావ మొహం చూడాలి, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అన్నట్టు ఉంది.

ఈ డైరీ పాత ఏడాదిది. వారాలు కలవవు కాబట్టి అచ్చు తారీఖులు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. ఎందుకు రాయడమంటే, పంపు ఆగితే నాకు పని లేదు. పని లేకపోతే నా చేతులు ఊరుకోవు. అవి ఊరుకోకపోతే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. పోయినసారి పంపు ఆగినప్పుడు సైరన్ కింద బోర్డు తగిలించాను: సైరన్ చెడిపోయింది, ప్రమాదం వస్తే అందరూ గట్టిగా కేకలు వేయవలెను. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకడు గొంతు సవరించుకుని ఒకసారి ప్రాక్టీసు కూడా చేశాడు. నెల రోజులు నవ్వుకున్నాం. బావ ఒక్కడే నవ్వలేదు.

ఎనిమిదో క్లాసు రెండుసార్లు తప్పినవాణ్ణి. తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనేగా.

మార్చి 10

ఖాళీగా ఉన్నాను కనుక మా సంగతి రాస్తాను.

ఇక్కడ ఒకప్పుడు పది నూనె బావులు ఉండేవి. తొమ్మిదింటి నోట్లో సిమెంటు పోసేశారు. మిగిలింది ఒక్కటి. మేం దాన్ని ముసల్ది అంటాం. దాని మీద ఇనప పంపు పగలూ రాత్రీ తల ఆడిస్తూ ఉంటుంది, ఎవరేమన్నా సరే సరే అన్నట్టు. ముసల్ది ఇచ్చేది కొంచెమే. కానీ మానకుండా ఇస్తుంది. దాన్ని నమ్ముకున్నవాళ్లం నలుగురం. ఫోర్‌మన్, అంటే మా అక్క మొగుడు, మా బావ. వెల్డరు. లారీ డ్రైవరు. నేను.

నా పని నూనె ట్యాంకు నెత్తికెక్కడం, మూత తీయడం, ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి దించడం, ఎంత మేర తడిసిందో చూసి రాయడం. ఇరవై రెండేళ్లుగా అదే. అందుకే నా పేరు టేపు అయి కూర్చుంది. అక్క కూడా కోపం వస్తే ఒరేయ్ టేపూ అనే అంటుంది. పెళ్లి కాలేదు. అక్క వాళ్ల మేడ మీద గదిలో ఉంటాను. ఈ ఉద్యోగం వేయించింది బావే. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు సులువుగా ఉండేది.

బావ గోలంతా కొత్త సర్క్యులర్ గురించి. రాష్ట్ర ఇంధన విధానం అట, పద్నాలుగు పేజీలు. మొదటి పేజీలో మన నూనె మనమే తీసుకుందాం, మన నేల మనమే కాపాడుకుందాం అని పెద్ద అక్షరాలు. బాగానే ఉంది. నాలుగో పేజీలో, ముప్పై రోజులు వరసగా ఆగిపోయిన బావి చచ్చినట్టే లెక్క, సిమెంటుతో మూసేయాలి అని ఉంది. తొమ్మిదో పేజీలో, బావి దగ్గర ఫలానా జాతి పిట్ట గూడు పెడితే పిల్లలు ఎగిరిపోయేదాకా పంపు ఆపాలి అని ఉంది. కింద రంగుల్లో ఒక బూడిదరంగు కొంగ బొమ్మ, పక్కన దాని గుడ్డు. నీలంగా, ముద్దుగా ఉంది.

బావ ఆ పేజీని రోజుకు నాలుగుసార్లు చదువుతున్నాడు. కాకి వాలినా తల పైకెత్తి చూస్తున్నాడు. నాకు నవ్వు ఆగడం లేదు.

మార్చి 11, ఉదయం 5:40

అయింది. కంచె దగ్గర పుల్లలు, వెల్డరు పారేసిన సన్న తీగ, గుప్పెడు గడ్డి. గోడ పగుళ్లు పూడ్చే తెల్లపొడి తడిపి మూడు గుడ్లు చేశాను. అక్క బట్టలకి పెట్టే నీలిమందులో ముంచాను. ఆరాక చూస్తే నాకే పొదగాలనిపించింది.

పంపు దూలం నడుమ, స్తంభం నెత్తిన, గ్రీజు పెట్టే చోట చదునుగా ఉంటుంది. అక్కడ పెట్టి వచ్చాను. బావ ఆరున్నరకి కొత్త బెల్టు వేయించడానికి వస్తాడు. చూస్తాడు. గుండె పట్టుకుంటాడు. నేను నిచ్చెనెక్కి ఒక గుడ్డు తీసి ఆయన చేతిలో పెడతాను. టీ వేళకి అంతా అయిపోతుంది.

అదే రోజు, మధ్యాహ్నం

అయిపోలేదు.

పిట్టల మేడమ్ వచ్చింది. సంరక్షణ ఆఫీసు నుంచి, చెప్పాపెట్టకుండా, సరిగ్గా ఆరూ ఇరవైకి. పాతికేళ్లుంటాయి. మొదటి ఉద్యోగం. మెడలో బైనాక్యులర్స్, చేతిలో నోట్‌బుక్. బావ కంటే ముందే చూసింది. నా ట్యాంకు ఎక్కి అక్కడినుంచి చూసి, మూడు గుడ్లు, మూడు అని అరిచింది. చిన్నపిల్లకి బొమ్మ కొనిచ్చినట్టు ఉంది మొహం.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడ ఫోన్‌లో తన పైఅధికారికి, రాష్ట్రం మొత్తంలో పంపు మీద గూడు ఇదే మొదటిదండీ అని చెబుతోంది. తర్వాత మా వైపు తిరిగి, గూడు ముట్టుకున్నా కేసే, తప్పుడు సమాచారం ఇచ్చినా కేసే, ఆరు నెలలు లోపల అని నవ్వుతూ చెప్పింది. అలవాటుగా అందరికీ చెప్పే మాటే. నా నోరు దానంతటదే మూసుకుంది.

గంటలో చుట్టూ యాభై గజాల మేర పసుపు తాడు కట్టేశారు. ఈల పట్టుకుని ఒక వాచ్‌మన్. ట్యాంకు రెయిలింగ్‌కి ఒక కెమెరా, పది నిమిషాలకొక ఫోటో తీస్తుందట. కొత్త బెల్టు లారీలోంచి దించనే లేదు.

బావ నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. ఏరా బామ్మర్దీ, ఇది నీ పని కాదు కదా, నిజం చెప్పు అన్నాడు. గొంతులో కోపం లేదు. అది నా పనే అయితే బాగుండుననే ఆశ ఉంది. అప్పుడు మాత్రం నేను దాన్ని కోపమనుకున్నాను.

అక్క మీద ఒట్టు బావా అన్నాను.

మార్చి 12

టేపు దించాను. నిన్నటి అంకే.

మార్చి 13

పెట్టడమే తప్ప తీయడం కుదరని వేళాకోళం నా జన్మలో ఇదే మొదటిది. వాచ్‌మన్‌కి సిగరెట్ ఇచ్చి మాటల్లో పెట్టి చూశాను. సిగరెట్ తీసుకున్నాడు, తాడు దగ్గర మాత్రం అన్నా అటు వద్దు అన్నాడు. తాడు దాటితే కెమెరా చూస్తుంది. కెమెరాకి సిగరెట్ ఇవ్వలేం.

బావ లెక్క మొదలెట్టాడు. బెల్టు తెగిన తొమ్మిదో తారీఖు ఒకటో రోజు. ఏప్రిల్ ఏడు ముప్పయ్యో రోజు. ఎనిమిదిన సిమెంటు. పిట్ట వల్ల ఆగితే ఆ లెక్క ఆగుతుందా అని మేడమ్‌ని అడిగాడు. ఆవిడ సర్క్యులర్ అటూ ఇటూ తిప్పింది. నాలుగో పేజీ ఒక గదిలో రాశారు, తొమ్మిదో పేజీ ఇంకో గదిలో రాశారు, మధ్యలో తలుపు ఉన్నట్టు లేదండీ అంది. మినహాయింపు కోసం రాస్తానంది. అదే పూట రాసింది కూడా. మంచిదే. అదే నన్ను ఇంకా చంపుతోంది.

ముసల్దాన్ని ఆపితే అడుగునున్న నీళ్లు పైకి తంతాయి, గొట్టంలో నూనెలోని మైనం పేరుకుంటుంది, మళ్లీ లేస్తుందో లేదో చెప్పలేం అని బావ చెబుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో అది వారం కంటే ఎక్కువ ఎప్పుడూ ఆగలేదట.

ప్రెషర్ మీటరు తాడు లోపల ఉంది. బావ మేడమ్ బైనాక్యులర్స్ అడిగి మీటరు చూస్తాడు. తిరిగిస్తే ఆవిడ గూడు చూస్తుంది. ఒకరి తర్వాత ఒకరు, నా ట్యాంకు మీద. మధ్యలో నేను టేపు తుడుస్తూ.

మార్చి 14

దారి దొరికింది!

మేడమ్‌ని ఊరికే అడిగినట్టు అడిగాను. గుడ్లున్నాయి సరే, పెట్టిన మహాతల్లి ఏదండీ, నాలుగు రోజులైంది, పుట్టింటికి గానీ వెళ్లిందా అని. ఆవిడ నవ్వలేదు. తనకీ అదే దిగులట. వరసగా ఏడు రోజులు పెద్ద పిట్ట రాకపోతే వదిలేసిన గూడు అని రాసేసి తాడు విప్పించాలట.

ఏడు రోజులు! పదిహేడో తారీఖు గడిస్తే చాలు. పద్దెనిమిది పొద్దున తాడు పోతుంది, పంపు లేస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. లేని పిట్ట రాదు కదా.

భోజనం రెండుసార్లు వడ్డించుకున్నాను. అక్క అనుమానంగా చూసింది.

మార్చి 15

రాలేదు.

మార్చి 16

రాలేదు. బావకి ధైర్యం చెప్పాను. చూస్తూ ఉండు బావా, ఎల్లుండి ముసల్ది తల ఆడిస్తుంది అన్నాను. నీకెలా తెలుసురా అన్నాడు. నా మనసు చెబుతోంది అన్నాను. నీకు మనసు కూడా ఉందా అన్నాడు. వారం రోజుల్లో ఆయన వేసిన మొదటి జోకు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, టేపు వాసన ఘాటుగా ఉందని చెప్పాను.

మార్చి 17, సాయంత్రం 4:10

వచ్చింది.

మార్చి 17, ఇంటికొచ్చాక

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏం లేదు, కూర్చుని ఉన్నాను. మేడమ్ వదిలేసిన గూడు ఫారం నింపుకుంటోంది. రేపటి తారీఖు కూడా వేసేసింది. బురదనేల వైపు నుంచి బూడిదరంగు కొంగ ఒకటి వచ్చి పంపు చుట్టూ రెండుసార్లు తిరిగింది. మనసులో దానికి చేతులెత్తి మొక్కాను. తల్లీ నీకు ఈ దేశంలో చెట్లే లేవా, పో అన్నాను. అది దూలం చివర వాలింది. నడుచుకుంటూ వచ్చింది, పెళ్లిలో పీట దగ్గరికి వచ్చినట్టు నింపాదిగా. గూట్లోకి తొంగిచూసింది. ముక్కుతో ఒక గుడ్డు పక్కకి జరిపింది. ఇంకొకటి జరిపింది. తర్వాత కాళ్లు మడిచి కూర్చుంది.

నేను చేసిన గుడ్ల మీద!

మేడమ్ ఏడ్చేసింది సంతోషంతో. ఫారం చించేసింది. బావ ట్యాంకు మీద నిలబడి అటే చూస్తూ ఉండిపోయాడు. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ పెట్టి దిగాడు, ముసలివాళ్లలాగా.

మార్చి 20

లేవదు. ఎండకి లేవదు, గాలికి లేవదు. ఇంకొకటి వచ్చి పుల్లలు ఇస్తుంది, ఇది అందుకుని సర్దుతుంది. జంట అట. నా గూడు వాటికి నచ్చలేదు, అంతా విప్పి మళ్లీ కడుతున్నాయి. వెల్డరు తీగ కూడా తీసి కింద పారేశాయి. వెల్డరు అది చూసి, టేపూ ఈ తీగ అచ్చం మనదానిలాగే ఉందేంట్రా అన్నాడు. లోకంలో తీగలన్నీ ఒకేలాగా ఉంటాయి అన్నాను.

పొదగడం ఇరవై ఆరు రోజులట. తర్వాత పిల్ల ఎగరడానికి ఇంకో యాభై. మేడమ్ వేళ్లు మడిచి చెబుతుంటే నేను వేరే లెక్క వేసుకుంటున్నాను. ఆ గుడ్లు ఇరవై ఆరు రోజులకీ పగలవు. ఇరవై ఆరేళ్లకీ పగలవు. అది అలాగే కూర్చుంటుంది. ముసల్ది కింద అలాగే చస్తుంది. రెంటినీ మోసం చేసింది ఒక్కడే.

మార్చి 21

మీటరు ముల్లు ఇంకొంచెం కిందికి జారిందని బావ చెప్పాడు. అది నాతో కాదు, గోడతో.

మార్చి 24

మూత ఆఫీసరు వచ్చాడు. నూనె శాఖ మనిషి. ఈయన పని బావులకి సిమెంటు పోయించడం. తొమ్మిది బావుల మూతలూ ఈయన చేతి మీదగానే పడ్డాయి. నోటీసు గేటుకి అంటించాడు: ఎనిమిదో తారీఖు ఉదయం తొమ్మిది గంటలకు. పిట్ట సంగతి బావ చెప్పాడు. అది నా పేజీ కాదండీ అన్నాడు ఆయన. చెడ్డవాడేం కాదు. నోటీసు వంకరగా అంటిందని తీసి మళ్లీ సరిగ్గా అంటించి వెళ్లాడు.

లారీ డ్రైవరు సాయంత్రం దాకా ఆ నోటీసు ముందు నిలబడ్డాడు. వాడికి చదవడం రాదు.

మార్చి 25

మేడమ్ మినహాయింపు కోసం పెద్ద ఆఫీసుకి వెళ్లింది. మూడు రోజులు రాదు. వెళ్తూ బైనాక్యులర్స్ బావకి ఇచ్చింది. మీరు మీటరు చూసుకోండి, మధ్య మధ్యలో దాన్ని కూడా కాస్త చూడండి అంది. బావ సరేనమ్మా అన్నాడు.

చూస్తున్నాడు కూడా. మీటరు ఒకసారి, అదొకసారి. ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చి అక్కతో, అది మొండిదే, మధ్యాహ్నం ఎండలో రెక్కలు గొడుగులా పట్టి కూర్చుంది అన్నాడు. ఎవరి సంగతి చెబుతున్నాడో అక్కకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

మార్చి 27

అక్కకి చెప్పేశాను.

దండెం మీద బట్టలు ఆరేస్తోంది. మీ ఆయన ఎందుకు తినట్లేదో నాకు తెలుసు అని మొదలెట్టాను. మొత్తం చెప్పేదాకా వెనక్కి తిరగలేదు. తర్వాత తిరిగి, నా మీద ఒట్టు పెట్టావా, ఏ నోటితో పెట్టావురా అంది. తడి తువ్వాలు మడిచి వీపు మీద నాలుగు వేసింది. యాభై ఏళ్ల వెధవని, నిలబడి వేయించుకున్నాను. అయిదోది వేయబోయి ఆపేసి, నీలిమందు డబ్బా ఏమైందా అని ఇల్లంతా వెతికాను కదరా అంది. అప్పుడు ఏడ్చింది. ఆ డబ్బా కోసం కాదని నాకు తెలుసు.

కొంగుతో ముక్కు తుడుచుకుని, చెప్పేది ఆయన భోంచేశాక చెప్పు, ముందు చెబితే ఆ నాలుగు ముద్దలు కూడా దిగవు అంది.

ఇవాళ బావ భోంచేయలేదు. అందుకని చెప్పలేదు. ఇది సాకే. నాకు తెలుసు.

మార్చి 28

మేడమ్ తిరిగొచ్చింది. మినహాయింపు ఫైలు ఒక టేబులు మీద నుంచి ఇంకో టేబులు మీదికి వెళ్లిందట. అంతే.

బావనీ మేడమ్‌నీ ట్యాంకు దగ్గర నిలబెట్టి చెప్పాను. ఇద్దరికీ ఒకేసారి చెబితే ఒకసారి వణికితే చాలు. చెబుతున్నంతసేపూ చూపు బావ బూట్ల మీదే పెట్టాను. ఎడమ బూటు లేసు ఊడి ఉంది.

మేడమ్ కోప్పడుతుందనుకున్నాను. మూడూ ఒకే సైజులో, ఒకే రంగులో ఉన్నాయి, అనుమానం వచ్చిందండీ అంది. మరి అని అడిగాను. నమ్మాలనిపించింది, మొదటి పోస్టింగు అంది. కాసేపు నోట్‌బుక్ మూసి తెరిచి, మనిషి చేసినదాంట్లో ఉన్నది సున్నపుండలే అయితే తొమ్మిదో పేజీకి దాంతో పని లేదు, కేసు సంగతి తర్వాత రాస్తాను, రేపు మీ చేత్తోనే దించండి అంది. పొదిగేదానికి ఎంత కష్టం అని మాత్రం గొణుక్కుంది.

బావ లేసు కట్టుకోవడానికి వంగి, వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచాక, పద్దెనిమిది రోజులు అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత వెల్డర్ని కేకేసి బెల్టు లారీలోంచి దించమన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 29

మొత్తం రాయాలి. వదలకుండా.

తొమ్మిదికి తాడు విప్పారు. వెల్డరూ డ్రైవరూ బెల్టు ఎక్కించారు. ఆ చప్పుడుకి కూడా అది లేవలేదు, మెడ మాత్రం ఎస్ అక్షరంలా చేసి మా వైపు చూసింది. బావ స్టార్టరు దగ్గర నిలబడ్డాడు, చేయి హ్యాండిల్ మీద. నేను గూడు తీసి దిగడం, ఆయన హ్యాండిల్ లాగడం. ఇరవై ఒకటో రోజు. ఇంకా టైముంది. ముసల్ది బతకొచ్చు.

నిచ్చెనెక్కాను. సగంలో ఉండగా అది లేచింది. రెక్క నా చెవికి తగిలింది. కొట్టిన శబ్దానికి చెవి ఇంకా గీ మంటోంది. పైకి వెళ్లి తిరుగుతూ అరుస్తోంది. పాత తలుపు తెరిచినట్టు ఉంటుంది ఆ అరుపు.

గూట్లో చేయి పెట్టాను. ఒకటి. జేబులో వేసుకున్నాను. రెండు. మూడు. రంగు వెలిసి, గోకుడు పడి, నా గుడ్లు సిగ్గులేని వెధవల్లా ఉన్నాయి. ఇక గూడు ఎత్తి కింద పడేయడమే. అడుగున చేయి పెట్టి ఎత్తబోతే వేళ్లకి ఇంకొకటి తగిలింది.

వేడిగా ఉంది.

తీసి చూశాను. నేను ముంచిన నీలం కాదది. ఎలా చెప్పాలి, తెల్లవారే ముందు నూనె మీద ఒక పొర కనిపిస్తుంది, అలాంటి రంగు. నా చేతిలో అసలు బరువే లేదు. నా గుడ్లు రాళ్లలా జేబు లాగుతున్నాయి.

కింద నలుగురూ పైకి చూస్తున్నారు. అంత కింద నుంచి వాళ్లకేమీ కనబడదు. నాలుగోది కూడా జేబులో వేసుకుంటే అయిపోతుంది. మూడు పెట్టినవాడు నాలుగు తీశాడని ఎవరికి తెలుస్తుంది? బావ బతుకుతాడు. ముసల్ది బతుకుతుంది. ఆ పిట్ట ఇంకో చెట్టు చూసుకుంటుంది. ఇవన్నీ అనుకున్నాను. అబద్ధం రాయను. జేబు దాకా చేయి వెళ్లింది కూడా.

బావ కింద నుంచి, ఏం బామ్మర్దీ, పొదుగుతున్నావా, దింపు అని అరిచాడు. ఆ గొంతులో పాత సరదా ఉంది.

గుడ్డు గూట్లో పెట్టేసి దిగాను. మూడూ తీసి మేడమ్ చేతిలో పెట్టాను. ఇంకోటి ఉంది, అది నాది కాదు అన్నాను.

వెల్డరు నవ్వాడు. డ్రైవరు నా భుజం మీద చరిచి, చాల్లే అన్నా ఇవాళ కూడానా అన్నాడు. మేడమ్ నిచ్చెన వైపు వెళ్లబోతే బావ ఆపాడు. నేను చూస్తానమ్మా అన్నాడు. ఆయనకి మోకాళ్లు పనిచేయవు. ఇరవై నిచ్చెన మెట్లు. కింద నుంచి చూస్తుంటే ప్రతి మెట్టూ నా నెత్తి మీద వేసినట్టే ఉంది.

పైన చాలాసేపు ఉన్నాడు. గూట్లోకి వంగి ఉన్నాడు, వీపు తప్ప ఏమీ కనబడలేదు. పిట్ట నెత్తి మీద అరుస్తూనే ఉంది. ఒక్కసారి తల ఎత్తి దాన్ని, వస్తున్నానమ్మా వస్తున్నా, ఎందుకా కేకలు అని కసిరాడు.

దిగాడు. చేతులు ఖాళీ. నేరుగా స్టార్టరు దగ్గరికి వెళ్లాడు. పెట్టె తెరిచి, ఫ్యూజులు మూడూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. తాడు కట్టండి అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా సైకిల్ తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

అక్క చెప్పింది, వెళ్లగానే కంచం పెట్టమన్నాడట. మొత్తం తిన్నాడట.

నాతో మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 3

మినహాయింపు రాలేదు. గుడ్లు రెండయ్యాయని మేడమ్ రాసుకుంది. నాకు ఛార్జిషీటు వచ్చింది, పన్నెండో తారీఖున హాజరు కావాలి. టేపు దించాను. ఆ అంకె ఇప్పుడు కళ్లు మూసుకుని కూడా రాయగలను.

ఏప్రిల్ 7

ముప్పయ్యో రోజు. బావ గేటు దగ్గర నోటీసుని చదువుతూ నిలబడ్డాడు. పక్కన వెళ్లి నిలబడ్డాను. బావా అన్నాను. జరుగు, వెలుతురుకి అడ్డం అన్నాడు. పది రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

ఏప్రిల్ 8

తొమ్మిదికి సిమెంటు లారీ వచ్చింది. వీపు మీద డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. తాడు దగ్గర మేడమ్ అడ్డంగా నిలబడింది. మూత ఆఫీసరు నాలుగో పేజీ చదివాడు. మేడమ్ తొమ్మిదో పేజీ చదివింది: గూడు ఉన్నంతకాలం యాభై గజాల లోపల ఏ ఇంజనూ తిరగరాదు. మళ్లీ ఆయన చదివాడు. మళ్లీ ఆవిడ చదివింది. ఇద్దరూ ఒకే పుస్తకంలోంచి, పిట్ట లేస్తుందని గుసగుసగా. డ్రమ్ము ఆపితే సిమెంటు అందులోనే గడ్డకడుతుందని లారీవాడు ఏడుపుమొహం పెట్టాడు. పదింబావుకి లారీని వెనక్కి తిప్పారు. మూత ఆఫీసరు నోటీసు మీద తారీఖు కొట్టేసి, ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాడు.

పిల్ల ఎగిరిన రోజు వస్తాను అన్నాడు. మేం అప్పటికే పంపు వేసి ఉంటాం అన్నాడు బావ. ఎవరు ముందో చూద్దాం అన్నాడు ఆయన. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

ఇప్పుడు బావ ట్యాంకు దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఇంకా కదలిక ఉందా అని ముసల్ది నుంచి వచ్చే గొట్టానికి చెవి ఆనించి ఉన్నాడు. అరగంటైంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏం వినబడుతోంది బావా అన్నాను.

మాట్లాడకు, ఇటు చెవి పెట్టు అన్నాడు.